‘ఈ ఏడు వెయ్యను’ అనలేని రైతు

పోయిన వారం తుళ్లూరు సెంటర్లో టీ తాగుతుంటే ఓ కుర్రోడు ఫోన్ నా ముందు పెట్టాడు. వీడియోలో ఓ పెద్దమనిషి చెప్తున్నాడు. రైతులంతా గుంపులో గోవిందా అన్నట్టు ఒకే పంట మీద పడతారంట, రేటు కూలిపోయాక రోడ్డెక్కుతారంట, పంట మార్పిడి తెలీదంట. వీడియో అయిపోయాక కుర్రోడు అడిగాడు. “అన్నా, ఆయన చెప్పింది నిజమే గదా? మిరపలో పోయిందని తెలిసీ మా నాన్న మళ్లీ మిరపే ఎందుకు వేస్తాడు?”

మంచి ప్రశ్న. నేను చిన్నప్పుడు మా నాన్నని పత్తి గురించి ఇదే అడిగా. ఆయన సమాధానం చెప్పలా. ఎందుకు చెప్పలేదో అర్థం కావటానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు అంత టైం పట్టకూడదని ఇది రాస్తన్నా.

ముందు రేటు చూద్దాం. 2023లో గుంటూరు యార్డులో మిర్చి క్వింటా 20 వేలు దాటింది. 2025 ఫిబ్రవరికి సగానికి పడింది. గొడవలయ్యాక కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలని ఓ ధర కట్టింది. అదీ రాష్ట్రంలో పండినదాంట్లో నాలుగో వంతుకే, 2.91 లక్షల టన్నుల వరకే. మిరపకి మద్దతు ధర అనేదే లేదు. పత్తికుంది, మినుముకుంది, మన ఊళ్లని పోషిస్తున్న కాయకి మాత్రం లేదు.

ఆ 11,781 అందరికీ దొరికిందనే అనుకుందాం. ఎకరాకి 20 క్వింటాళ్లు పండాయనుకుందాం. 2,35,620 రూపాయలు. ఇప్పుడు ఖర్చు. ఇది నేను వేసుకున్న అంచనా, మీ ఊళ్లో కాస్త అటూ ఇటూ ఉంటది, మీ ఇంటి లెక్క మీరు వేసుకోండి. నారు, దుక్కి, ఎరువులు, మందులు కలిపి లక్ష. కాయ కోతలకీ, కల్లంలో ఆరబెట్టి తాలు ఏరటానికీ 60 వేలు. టిక్కీలు, కిరాయి, హమాలీ, కమీషన్ 10 వేలు. ఇక్కడిదాకా ఆసామికైనా, కౌలుదారుకైనా ఒకటే, 1,70,000.

ఇక్కడే దారి చీలిద్ది. సొంత పొలం ఉన్నోడికి బ్యాంకు పంట రుణం ఇచ్చిద్ది. టైముకి కడితే నాలుగు శాతం వడ్డీ. ఏడెనిమిది నెలలకి ఐదారు వేలు. ఆయనకి దగ్గర దగ్గర 60 వేలు మిగిలిద్ది. కౌలుదారు మాత్రం పొలంలో అడుగు పెట్టకముందే 40 వేలు కౌలు కట్టాలి. బ్యాంకు గడప ఎక్కనివ్వదు కాబట్టి రెండు లక్షలు బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. ఎనిమిది నెలలకి వడ్డీనే 32 వేలు. మొత్తం 2,42,000. అమ్మింది 2,35,620. ఆరు వేలు పైచిలుకు నష్టం, ఇంటిల్లిపాది చాకిరీ కూలి కట్టకుండానే.

ఒకటే నేల, ఒకటే విత్తనం, ఒకటే రేటు. ఒకరికి 60 వేలు మిగిలితే ఇంకొకరికి అప్పు మిగిలింది. వీడియోలో పెద్దమనిషి ఇద్దర్నీ కలిపి ‘రైతు’ అనేశాడు.

అయితే అన్నా, మిరప మానేసి మినుము వేసుకోవచ్చు గదా అంటారు. వేద్దాం. 2025–26 సీజనుకి మినుము మద్దతు ధర 7,800. ఎకరాకి ఆరు క్వింటాళ్లు పండిందే అనుకో, 46,800. అందులో కౌలు 40 వేలు తీసెయ్. మిగిలింది 6,800. విత్తనాలకీ దుక్కికీ చాలదు. అంటే మినుము ఈ పొలంలో పండదని కాదు, ఈ కౌలుకి పండదు. మిరప 20 వేలు పలికిన ఏడు పెంచిన కౌలు, మిరప పదివేలకి పడినా అంత తొందరగా దిగదు. పొలంలో ఏ పంట వెయ్యాలో వ్యవసాయాధికారి చెప్పటంలా, కౌలుదారు నిర్ణయించుకోవటంలా. కౌలు రేటు నిర్ణయిస్తోంది. అంత కౌలు తీర్చగలిగేది మన రేగట్లో మిరప, కాదంటే పత్తి, ఇంకా కాదంటే పొగాకు. ఇంకో పంట పేరు మీరే చెప్పండి.

2025లో మిరప విస్తీర్ణం తగ్గింది గదా అని ఎవరైనా అడగొచ్చు. తగ్గింది, ఒప్పుకుంటా. కానీ జూదం మారింది, ఆట మారలేదు. అంతకుముందు ఏడు రేటు చూసి నల్ల బర్లీ పొగాకు వేసినోళ్ల గతేమైందో పర్చూరు వైపు చుట్టాలుంటే అడగండి. కంపెనీలు మొహం చాటేస్తే 2025 వేసవిలో మార్క్‌ఫెడ్‌ని దింపి కొనిపించాల్సొచ్చింది. 2025–26లో పత్తికి 8,110 మద్దతు ధర కాగితం మీద బాగానే ఉంది. 2025 ఆగస్టు 19 నుంచి దిగుమతి సుంకం ఎత్తేశారు, ఆ డిసెంబరు ఆఖరుదాకా పొడిగించారు. సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు, ఆ నమోదుకి భూమి వివరాలు. తేమ 12 శాతం దాటితే వెనక్కి. యాడ తిరిగినా చివరికి అదే అడుగుతారు: పొలం ఎవరి పేరున ఉంది?

ఇది కొత్త కథ కాదు. 1987–88లో నాకు ఏడెనిమిదేళ్లు. పత్తి చేలో శనగపచ్చ పురుగు. పైరిత్రాయిడ్ మందులు ఎంత కొట్టినా చావలా. డబ్బా భుజానికి తగిలించుకుని ఇంటికొచ్చిన మా నాన్న చొక్కా వాసన ఇప్పటికీ గుర్తే. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అందరూ పురుగుని తిట్టారు. 2002లో బీటీ పత్తి వచ్చింది. విత్తనం ధర మీద మన రాష్ట్రమే కంపెనీతో పోరాడి 2006లో ప్యాకెట్ 750కి దించింది, అది గొప్పే. ఆ బీటీనీ గులాబీ పురుగు తినేసింది. 2021–22లో మిరప పూతలో నల్ల తామర పురుగు దిగింది, పూత పూతంతా రాలిపోయింది. ప్రతిసారీ పురుగు మీదో, విత్తనం మీదో, రైతు అమాయకత్వం మీదో కమిటీలు. కౌలు మీద మాత్రం ఎవరూ గట్టిగా మాట్లాడరు. మాట్లాడే వాళ్లలో చాలామంది ఆసాములే మరి.

పంట మార్పిడి మనోళ్లకి తెలీదనే మాట మాత్రం నేను ఒప్పుకోను. ఇక్కడికి కూతవేటు దూరంలో ఉండవల్లి, పెనుమాక వైపు కృష్ణ ఒడ్డు జరీబు భూములు చూడండి. అరటి, కంద, కూరగాయలు, పూలు. ఒకటి పోతే ఇంకోటి ఆదుకునే సేద్యం. ఎవరో వీడియోలో నేర్పింది కాదు. నీళ్లున్నయ్యి, పక్కనే బెజవాడ మార్కెట్ ఉంది, అన్నిటికీ మించి వచ్చే ఏడు కూడా ఈ పొలం నా చేతిలోనే ఉంటదన్న నమ్మకం ఉంది. అందుకే 2015లో రాజధాని భూసమీకరణకి ఆ ఊళ్లలో చాలామంది ససేమిరా అన్నారు.

ఆ నమ్మకం లేనోడు పశువుల ఎరువు ఎందుకు తోలతాడు? చెరువు మట్టి ఎందుకు పోస్తాడు? రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయం మంచిదే, 2024లో గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. కానీ నేల తేరుకుని ఫలితం చూపటానికి మూడు నాలుగేళ్లు కావాలి. కౌలుదారు చేతిలో ఉండేది పదకొండు నెలలు. నవధాన్యాలు చల్లి నేలని బాగు చేసేది ఒకరు, బాగుపడిన నేలకి కౌలు పెంచేది ఇంకొకరు. నేనైతే చల్లను.

తుళ్లూరులో జరిగింది దీనికి అసలైన ఉదాహరణ. 29 ఊళ్లలో 33 వేల ఎకరాలకి పైగా ప్రభుత్వం తీసుకుంది. బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు, పదేళ్లపాటు ఏటా డబ్బులు. మెట్టకి ఎకరాకి 30 వేలు, ఏటా మూడు వేలు పెంపు. జరీబుకి 50 వేలు, ఏటా ఐదు వేలు పెంపు. ఈ డబ్బుని మన ఊళ్లలో ఏమంటారో తెలుసు గదా? కౌలు! అవును, ప్రభుత్వమే కౌలుదారు అయింది. ఎంత దర్జా కౌలుదారో చూడండి. పదేళ్ల గడువు, రేటు ముందే ఖాయం, అంతా రాతపూర్వకం. డబ్బులు లేటైన ఏళ్లలో ఆసాములు హైకోర్టుకెళ్లారు. వెళ్లగలిగారు, ఎందుకంటే కాగితం ఉంది. వెళ్లటం తప్పని నేననను, వాళ్ల హక్కు అది.

అదే పొలాల్లో అంతకుముందు పత్తీ మిరపా పండించిన కౌలుదారుడు ఏమయ్యాడు? ఆయన పేరు ఏ కాగితంలోనూ లేదు. భూమిలేని కుటుంబం కింద రాస్తే అప్పట్లో నెలకి 2,500 పింఛను, కాయ కోతకెళ్లే ఆడోళ్ల కుటుంబాలతో పాటే. రైతుగా ఆయన లెక్కలోకే రాలా. ఆ నల్లరేగడి మీద కంప చెట్లు మొలిచి అడవైతే, 2024లో మిషన్లు పెట్టి కొట్టించారు. మధ్యలో మన ఆడోళ్లు ఆటోల్లో తెల్లారుజామునే వేరే ఊళ్ల చేలకి కోతలకి పోయారు, ఇప్పటికీ పోతన్నారు.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. పశ్చిమ ఆఫ్రికాలో మాలీ అని ఓ దేశం. మనకన్నా బీదది. అక్కడ పత్తిని సీఎండీటీ అనే కంపెనీ కొంటది, ప్రభుత్వం చేతిలోదే. ఎరువులు అరువుకిస్తది, సీజనుకి ధర ముందే చెప్పిద్ది. పత్తి వేసిన చేలోనే మరుసటి ఏడు మొక్కజొన్న, జొన్న వేసుకుంటారు. 2020లో అక్కడ ధర తగ్గించారు, ఎరువు సబ్సిడీ తీసేస్తామన్నారు. రైతులు కోపమొచ్చి పత్తి వెయ్యటం మానేశారు. ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గేలోపు అదును దాటింది. అంతకుముందు ఏడు లక్షల టన్నులకి దగ్గర్లో పండేది ఆ ఏడు లక్షన్నర టన్నులు కూడా రాలా. మరుసటి ఏడు కిలోకి 280 ఫ్రాంకులిచ్చారు, పంట తిరిగొచ్చింది.

మాలీ స్వర్గమని చెప్పటం లేదు. ఒకడు అప్పు ఎగ్గొడితే సంఘమంతా కట్టాల్సిన పద్ధతి అక్కడుంది, అదో నరకం. కానీ ఆ రైతు ‘ఈ ఏడు వెయ్యను’ అన్నాడు. అని, జొన్న వేసుకుని తిన్నాడు. ఎందుకనగలిగాడు? ఆ చేను ఊరు ఒప్పుకున్న కుటుంబ చేను. దానికి ముందస్తు కౌలు కట్టాల్సిన పని లేదు. మన పల్నాడులో కౌలుదారు ‘వెయ్యను’ అంటే ఉగాదికి కట్టిన 40 వేలు ఎవడిస్తాడు? పొలం ఖాళీగా పెట్టినా వడ్డీ ఖాళీగా ఉండదు.

చట్టాలు లేవా అంటే ఉన్నయ్యి. 2011లో ఓ చట్టం తెచ్చి కౌలుదారులకి రుణ అర్హత కార్డులిచ్చారు, ఆసామి ఒప్పుకోలు తప్పనిసరి చెయ్యలా. 2019లో దాని చోట పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కార్డు కావాలంటే ఆసామి సంతకం పెట్టాలి, గడువు పదకొండు నెలలు. ఆ కార్డు పంట మీద హక్కే గానీ భూమి మీద కాదని చట్టంలో రాసే ఉంది. అయినా సంతకం అడిగితే ఆసామి గుండె దడదడలాడిద్ది. ఆ కార్డుల కోసం కొన్నాళ్లు ఊళ్లెంట తిరిగా. ఓ ముసలామె, భర్త పోయాడు, కొడుకు హైదరాబాదులో, రెండెకరాలు కౌలుకిచ్చింది. “నాయనా, నువ్వు మంచోడివే, కానీ సంతకం పెట్టొద్దని మా అబ్బాయి చెప్పాడు” అంది. ఆమె మీద కోపం తెచ్చుకోలేం. భయం పోగొట్టాల్సింది ప్రభుత్వం. పోగొట్టకుండా సంతకం మాత్రం ఆమె చేత పెట్టించుకురమ్మని కౌలుదారుని పంపింది. సంతకం అడిగినందుకు వచ్చే ఏడు పొలం ఇవ్వరేమోనని కౌలుదారే అడగడు.

2025 అక్టోబరు 28న మొంథా తుపాను వచ్చి చేలల్లో నీళ్లు నిలబడ్డయ్యి. పంట నష్టం రాయాలంటే ఈ-క్రాప్ చూస్తారు. ఈ-క్రాప్‌లో ఎవరి పేరుంటే వాళ్లదే నష్టం. పత్తి నానిపోయినోడు గట్టు మీద నిలబడితే, పరిహారం ఫోన్లో మెసేజై ఇంకెక్కడో మోగిద్ది. పీఎం కిసాన్ అయితే మొదటినుంచీ పట్టా ఉన్నోళ్లకే.

కౌలుకి కొత్త చట్టం తెస్తామన్న మాట 2024 నుంచీ వినపడుతోంది. వస్తే మొదట చూడాల్సింది సంతకం సంగతి. సంతకం లేకుండా గ్రామసభలో విచారించి కార్డు ఇస్తారా, లేక పాత పాటేనా? రెండోది కౌలు ఎప్పుడు కట్టాలన్నది. ముందు కట్టించుకునే పద్ధతి పోయి, పంట చేతికొచ్చాక కట్టేదో, పండినదాంట్లో భాగమో అయితే నష్టంలో ఆసామికీ పాలుంటది, అప్పుడు మినుముకీ కందికీ చోటు దొరికిద్ది. దీని మీద ఆసాములు గొడవ చేస్తారు, తెలుసు. చెయ్యనివ్వండి.

టీ కొట్టు దగ్గర ఆ కుర్రోణ్ణి నేను తిరిగి ఒకటే అడిగా. “మీ నాన్న చేసేది సొంతమా, కౌలా?”

“రెండెకరాలు మాది అన్నా, ఆరు కౌలు.”

“ఆ ఆరెకరాలు ఈ-క్రాప్‌లో ఎవరి పేరున ఎక్కినయ్యి?”

తెలీదన్నాడు. అక్కడే ఇంటికి ఫోన్ చేశాడు. అటునుంచి వాళ్ల నాన్న ఏం చెప్పాడో నాకు వినపళ్లా. ఫోన్ పెట్టేసి, “ఆసామి పేరునంట” అన్నాడు.