బోర్డు లేని కొట్టు

"పని బాగుంటే వాళ్లే వెతుక్కుంటూ వస్తారు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎలా వస్తారండీ? తలుపు వేసుకుని లోపల నడుము పడిపోయేలా పని చేస్తుంటే పక్కింటివాళ్లకే తెలియదు. షాపుకైతే బోర్డుంటుంది. మనకు అదీ లేదు. ఫ్రీలాన్సర్ అని పేరు ఘనంగానే ఉంది గానీ, చుట్టాల నోట్లో మాత్రం "ఖాళీగానే ఉందిగా, ఏదో కుట్టుకుంటోంది".

మా తోడికోడలు మగ్గం వర్క్ చేస్తుంది. ఆరి సూది తన చేతిలో అలా పరుగెడుతుంది. మొదటి రెండేళ్లూ బ్లౌజులన్నీ బంధువులవే. దారాలు, పూసల ఖర్చు చేతికొస్తే అదే గొప్ప. ఊరికే చేసి పెడితే నలుగురికీ చెబుతారని మా అత్తగారి నమ్మకం. చెప్పారు కూడా! "ఆ అమ్మాయి డబ్బులు తీసుకోదు" అని చెప్పారు. అది విని వచ్చినవాళ్లు అందుకే వచ్చారు మరి. మన గురించి ముందుగా ఏ మాట బయటికి పోతుందో, అలాంటి మనుషులే మన గుమ్మం ఎక్కుతారు. అందుకే నేనంటాను, బంధువులకు తగ్గించి ఇవ్వండి, తప్పులేదు, కానీ అసలు ధర చెప్పి మరీ తగ్గించండి. అప్పుడు వాళ్లు బయట చెప్పేది ఆ అసలు ధరే.

ఇక ఫోటోలు. స్టేటస్‌లో పింటరెస్ట్ బొమ్మలు పెట్టి "ఆర్డర్లు తీసుకోబడును" అని రాసేవాళ్లు మన ఫోన్‌లోనే ఎంతమంది లేరు! పెళ్లికూతురి బ్లౌజు ఇచ్చే తల్లి అంత అమాయకురాలు కాదు. మా తోడికోడలు తను కుట్టినవే పెడుతుంది, అదీ బ్లౌజు తిరగేసి లోపలివైపు కూడా. ముడులు ఎలా వేసింది, లైనింగ్ ఎలా పడింది, జరీ చర్మానికి గుచ్చుకుంటుందా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. ఫిల్టర్లు వాడదు, కిటికీ దగ్గర పగటి వెలుతుర్లో తీస్తుంది. రంగు చీరకు కలుస్తుందో లేదో చూడాలిగా. కింద రెండే ముక్కలు రాస్తుంది: "మెడ, చేతులు, 3,500. వారం రోజులు." ఈ రెండూ లేకపోతే అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. కట్టుకున్నవాళ్ల ఫోటో పెట్టాలంటే మాత్రం వాళ్లను అడగాల్సిందే. మొహం లేకుండా వీపు, చేయి కనిపిస్తే చాలు.

సొంత నంబరు అందరికీ ఇవ్వకండి. వేరే సిమ్ము మీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే ఫోటోలు, ధరలు కేటలాగ్‌లో ఉంటాయి, డబ్బేం కట్టక్కర్లేదు. గూగుల్‌లో పేరు నమోదు చేసుకునేటప్పుడు ఇంటి అడ్రసు కనబడకుండా, పని చేసే ప్రాంతం మాత్రమే చూపించే వీలుంది. పగలంతా ఒంటరిగా ఉండే ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఎప్పుడు చూపించాలన్నది కూడా ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కదా అని చాలామంది చేతులు ముడుచుకుంటారు. శ్రావణంలో కట్టుకునే బ్లౌజు ఎక్కడ ఇవ్వాలా అని ఆలోచించేది ఆ నెలలోనే! వరలక్ష్మీ వ్రతం పేరంటంలో "ఎవరు కుట్టారే?" అని పదిమంది అడుగుతారు, నిజమే. కానీ అప్పటికి మగ్గం ఖాళీగా ఉండదు.

కుట్టుపనికే కాదు, అనువాదాలు చేసే నా స్నేహితురాలిదీ ఇదే కథ. "అన్ని రకాల అనువాదాలు చేస్తాను" అని ఏళ్లతరబడి రాసుకుంది, పలికినవాళ్లు లేరు. ఇప్పుడు "ఆసుపత్రి కాగితాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి" అని ఒక్కటే రాస్తుంది. ఆ పని పడినవాళ్లకు గుర్తొచ్చేది తనే. మిగతా పనులు కూడా వాళ్లే తెచ్చిస్తున్నారు.

ఇంతా చేసి, అసలు నోరు విప్పాల్సినవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. మా అత్తగారు మారారు, ఇప్పుడు ఫోనెత్తి "కోడలు పనిలో ఉంది, సాయంత్రం చెయ్యండి" అంటున్నారు. మా మరిదే ఇంకా "మా ఆవిడ హౌస్‌వైఫ్" అని పరిచయం చేస్తున్నాడు. వాళ్ల ఆఫీసులో ఈ ఏడాది ముగ్గురమ్మాయిల పెళ్లిళ్లయ్యాయి. ఒక్క బ్లౌజూ మా ఇంటికి రాలేదు.