పళ్ళెంలో పది నిమిషాలు

మీ పాప స్కూల్లో బీ, డీ తారుమారు చేస్తోందా? గుడి తరగతిలో ప, వ కలిపేస్తోందా? బద్ధకం అనకండి. డర్బన్‌లో నా తరగతిలో ఒక బాబును నేను అలాగే అన్నాను. వాడు పుస్తకం తెరవడమే మానేశాడు. తప్పు నాది.

తర్వాత వాళ్ళ అమ్మమ్మా నేనూ పద్ధతి మార్చాం. ఇంట్లో రోజూ ఒకే వేళ, ఒకే చోట, పది నిమిషాలు. టీవీ ఉండదు. పళ్ళెంలో బియ్యం పోసి, అక్షరాన్ని వేలితో దిద్దుతూ పైకి పలకాలి. ప బాగా వచ్చేదాకా వ చూపించలేదు. మర్నాడు ముందు నిన్నటి అక్షరమే. తప్పు రాస్తే బియ్యం సర్ది మళ్ళీ రాయడమే. ఎర్ర సిరా లేదు.

మూడు నెలలకు వాడు తన పేరు తానే రాసుకున్నాడు. మీరూ ఈ రాత్రి పళ్ళెం తీయండి. మొదట ప.