గూడబాతు గెంతితే పాపాయీ గెంతాలి

చేతిలో ఫోన్ పెడితేగానీ ముద్ద దిగడం లేదా? ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా చాలా ఇళ్లలో ఇదే తంతు. ఎలుగుబంటి ఫోన్‌లోనూ చిందులేస్తుంది, బొమ్మల పుస్తకంలోనూ వేస్తుంది. తేడా చూసే పిల్లల ఒంట్లో ఉంది. ఫోన్ ముందు కదలకుండా కూర్చుంటారు. పుస్తకంలో బొమ్మ కదలదు కాబట్టి ఆ చిందేదో వాళ్లే వేసి చూపించాలి. పక్కన మీరూ వేయాలి, అదే అసలు చిక్కు!

రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని, నాలుగేళ్ల వరకూ గంట మించొద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఏడాది నిండాక రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదలాలంది. కంగారు పడకండి, రోజంతా వేసే గెంతులు, పరుగులు అన్నీ కలిపే ఆ లెక్క.

నాట్యమాడే జిరాఫీ పుస్తకం దొరకలేదా? కొల్లేటి పిల్లలకు జిరాఫీ ఎందుకు? చలికాలంలో కైకలూరు దగ్గర ఆటపాక తీసుకెళ్లి గూడబాతుల్ని చూపించండి. ఇంటికొచ్చాక నాలుగు కాగితాలు కుట్టి, గొంతు కింద సంచి ఊపుతూ గెంతే గూడబాతును గీయండి. తర్వాతి పేజీలో కొంగ, ఆ తర్వాత పీత. గీత వంకరపోయినా పాపాయికి పట్టదు. రేపు మళ్లీ అదే పేజీ తీయమంటే మాత్రం విసుక్కోకండి.