సూత్రమునకు ముందు చిత్రము

చలనమునకు సంబంధించిన లెక్కలనిన మన విద్యార్థులలో పెక్కురకు గుండెదడ. ప్రశ్న చదువుట ముగియక మునుపే వారి కన్నులు సూత్రమును వెదకును. తోచిన సూత్రమునందు అంకెలను క్రుమ్మరించి, వచ్చినదే జవాబని వ్రాయుదురు. ఈ పద్ధతి విడువదగినదని మా యభిప్రాయము.

ఒక యుదాహరణము చూడుడు. ఒక బాలుడు బంతిని సెకనుకు 19.6 మీటర్ల వేగముతో నిట్టనిలువుగా పైకి విసిరెను. అది మరల చేతికి వచ్చునప్పటికి స్థానభ్రంశమెంత? మేము తరగతిలో నడిగినపుడు పలువురు 39.2 మీటర్లని వ్రాసిరి. బంతి 19.6 మీటర్లు ఎక్కి అంతయే దిగినది గనుక, నడచిన దూరము 39.2 మీటర్లే. కాని బయలుదేరిన చోటికే వచ్చినది గదా! స్థానభ్రంశము సున్న. ఊరంతయు తిరిగి తన యింటి గడపకే చేరినవాని గతియు నంతియే. మఱికొందఱు, శిఖరమున వేగము సున్నయగుటచే త్వరణమును సున్నయే యనిరి. అదియే నిజమైనచో బంతి క్రిందికి రాక యాకాశముననే నిలిచిపోవలసినది!

ఈ దోషమున మాకును భాగము గలదు. ఉపాధ్యాయవృత్తిలోని తొలి సంవత్సరములలో మేమును సూత్రములనే ముందుగా నల్లబల్లపై వ్రాసి కంఠస్థము చేయించితిమి. మార్కులు వచ్చినవి, తెలివి రాలేదు.

కావున విద్యార్థులారా, మొదట బొమ్మ గీయుడు. ఏ దిక్కు ధనాత్మకమో నిర్ణయించి బాణము వేయుడు. పైదిక్కును ధనమన్నచో, గురుత్వ త్వరణము సెకనుకు సెకనుకు ఋణ 9.8 మీటర్లగును. తెలిసినవేవో, తెలియవలసినదేదో వ్రాసి, కొలమానములను సరిచూడుడు. అప్పుడు సూత్రమును పిలువుడు. గెలీలియో పండితుడును అట్లే చేసెను. వాలుపలకపై కంచుగుండును దొరలించి, పాత్రనుండి కారిన నీటిని తూచి కాలమును గణించిన విధమును 1638లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఆయనకు పరిశీలనమే ప్రమాణము.

మార్కులకంటె ముఖ్యమైన కారణ మొకటి గలదు. గంటకు 36 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు 10 మీటర్ల చొప్పున పోవు బస్సునకు బ్రేకు వేసినపుడు, వేగము సెకనుకు సెకనుకు 5 మీటర్ల వంతున తగ్గుననుకొందము. అది 10 మీటర్లలో నాగును. అదే బస్సు 72 కిలోమీటర్ల వేగమున పోయినచో 40 మీటర్లు కావలెను. వేగము రెండింతలైన ఆగుదూరము నాలుగింతలు! చోదకుడు బ్రేకు త్రొక్కుటకు ముందు గడచిపోవు దూరము దీనికి అదనము. ఈ లెక్కను వల్లించినవాడు పరీక్షలో గెలుచును. గ్రహించినవాడు బడిముందటి బాటలో బండిని మెల్లగా నడపును. ఆ మెల్లదనమువలన ఒక బిడ్డ ప్రాణము దక్కవచ్చును.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లవాడు లెక్క ఆలస్యముగా చేసెనని కోపింపకుడు. "బొమ్మ గీసితివా?" యని మాత్రము అడుగుడు.