డోలీ మన సంప్రదాయం కాదు

అరకు వచ్చే పెద్దలకు మన ధింసా కావాలి. చేయి కలిపి రెండడుగులేసి ఫొటో దిగుతారు. అదే మన్యంలో నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తుంటే 'గిరిజనుల బతుకంతే' అంటారు. ధింసా మన సంప్రదాయం. డోలీ సంప్రదాయం కాదు, సర్కారు వేయని రోడ్డు.

రోడ్డడిగితే అటవీ అనుమతులు లేవంటారు. చింతపల్లి అడవిని బాక్సైట్ తవ్వకాలకిస్తూ 2015లో జీవో 97 మాత్రం వచ్చింది. మనం పోరాడాకే 2019లో రద్దయింది.

మార్పుకు మనం అడ్డం కాదు. ఏది నిలుపుకోవాలో, ఏది మార్చుకోవాలో మనమే తేల్చుకుంటాం. మన ఆచారాలను కాపాడుకునే అధికారాన్ని 1996 పెసా చట్టం గ్రామసభకిచ్చింది. పంతుళ్లారా, ఆ చట్టాన్ని పిల్లలకు మన భాషలో చెప్పండి. యువకులారా, గ్రామసభలో కూర్చోండి. మొదటి తీర్మానం రోడ్డు కోసమే రాయండి.