90 శాతం కరెక్టే... మిగతా 10 ఎవరిది?

సంక్రాంతికి దమ్మపేట వెళ్లినప్పుడు బాబాయ్ నా ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ చూసి ఒకటే అడిగాడు. "అంతా పచ్చగానే ఉంది కదరా, ఇందులో అడవేది, మన పామాయిల్ తోటేది?" రోజూ డేటాతోనే కుస్తీ పట్టే నాకు వెంటనే జవాబు తోచలేదు.

కంప్యూటర్‌కీ ఇదే తిప్పలు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఫొటోలో ఒక్కో పిక్సెల్ అంటే నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఎకరానికి సుమారు 40 పిక్సెళ్లు. ఒక్కోదానికి ఎరుపు, ఆకుపచ్చ, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్... ఇలా కొన్ని అంకెలుంటాయి. ముందు మనం నేల మీద తిరిగి 'ఇది అడవి, ఇది తోట, ఇది పోడు' అని కొన్ని చోట్లు గుర్తుపెట్టి ఇవ్వాలి. కంప్యూటర్ ఒక్కో గుంపు సగటు ఎంత, అంకెలు ఎంత అటూఇటూ అవుతున్నాయి అని చూసుకుంటుంది. కొత్త పిక్సెల్ ఏ గుంపుకి దగ్గరైతే ఆ పేరు పెట్టేస్తుంది.

ఈ 'దగ్గర'ని కొలిచే ఒక పద్ధతిని 1936లో మన దేశంలోనే పి.సి. మహలనోబిస్ ఇచ్చారు. గుంపులు రెండు కాదు, చాలా ఉంటే దేన్ని ఎందులో వెయ్యాలో 1948లో చూపించింది మన తెలుగాయనే, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు. మనుషుల కొలతల కోసం పుట్టిన ఆ లెక్కలే ఇప్పుడు నేలకీ పనికొస్తున్నాయి.

అసలు మెలిక ఇక్కడుంది. 100 చోట్లు చెక్ చేశాం అనుకుందాం. 90 అడవి, 10 పోడు. సాఫ్ట్‌వేర్ కళ్లు మూసుకుని అన్నిటికీ 'అడవి' అని రాసినా 90 శాతం కరెక్టే! పోడు దగ్గర మాత్రం స్కోరు సున్నా. అందుకే కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ అనే టేబుల్ వేసి, ఏ గుంపులో ఎన్ని తప్పాయో విడివిడిగా చూడాలి.

పోడు చేసుకునే గిరిజనులకి ఇది మార్కుల గొడవ కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి వాళ్ల చేతిలో ఉండాలి. అప్పటికి సెంటినెల్-2 లేదు. ఆనాటి ల్యాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లు, ఎకరానికి నాలుగైదే. చుట్టూ చెట్లుంటే చిన్న చెలక వాటి రంగులోనే కలిసిపోతుంది. అందుకే 2012లో సవరించిన రూల్స్, శాటిలైట్ ఫొటో మిగతా సాక్ష్యాలకి తోడే తప్ప వాటికి బదులు కాదన్నాయి. ఊరి పెద్దల మాట కూడా సాక్ష్యమే.

ఇక బాబాయ్ ప్రశ్న. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో హెక్టారు, ఆపైన ఉన్న నేల మీద చెట్ల నీడ 10 శాతం ఉంటే చాలు, సొంతదారు ఎవరైనా అది 'ఫారెస్ట్ కవర్' కిందికే వస్తుంది. తోటలైనా సరే. ఆ మాట చెబితే బాబాయ్ నవ్వి, "అయితే నేను అడవిలో ఎరువులేస్తున్నానన్నమాట!" అన్నాడు.

మీకెవరైనా మ్యాప్ చూపించి '90 శాతం అక్యురసీ' అంటే, ఆ తప్పిన 10 ఎవరి నేలో ఒక్కసారి అడగండి.