కంప్యూటర్ మూత తీసి చూపించాలి

కామర్స్ చదవబోయే అక్కలకి కంప్యూటర్ లోపలి భాగాలెందుకు, టైపింగ్ వస్తే చాలదా అంటారు కొందరు. నా అభిప్రాయం వేరు. లెక్కలు రాసేవాళ్లకే అవి ముందు తెలియాలి. చేస్తున్న పని ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు పోతే అది ఖాళీ. సేవ్ చేసింది హార్డ్ డిస్క్‌లో నిలుస్తుంది. యూపీఎస్ ఉంటే సేవ్ చేసుకోడానికి కొన్ని నిమిషాలు దొరుకుతాయి. మన ఊళ్లలో కరెంటు సంగతి అందరికీ తెలిసిందే కదా!

1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ మన చింతపండు, తేనె కొంటుంది. అలాంటి చోట తూకం లెక్క సేవ్ చెయ్యకముందే పోతే, మళ్లీ వరసలో నిలబడేది బుట్ట మోసుకొచ్చిన మన అమ్మలే. రేపు ఆ లెక్కలు రాసే కుర్చీలో మనం కూర్చోవాలి.

అందుకే వార్డెన్ మేడంగారికి మనవి. పాడైన కంప్యూటర్ ఒకటి, ప్లగ్గు తీసేసి, మూత విప్పి మాకు చూపించండి. చేత్తో పట్టుకుంటేనే భయం పోతుంది.